గ్యారేజిలో పడవ: చదును పలకలు నావగా మారే తీరు



ఒక మోదుగాకును చేతిలోకి తీసుకోండి. అది చదునుగా ఉంటుంది. దాని మీద నీళ్లు పోస్తే నిలవవు. అంచును ఒకచోట మడిచి, ఆ మడతలో ఒక ఈనెపుల్ల గుచ్చితే అదే ఆకు దొప్ప అవుతుంది. పులుసు పోసినా కారదు. ఇందుకోసం ఆకుకు మనం కొత్త పదార్థమేదీ చేర్చలేదు. ఒక వంపు ఇచ్చాం, ఆ వంపు విప్పుకోకుండా ఒక కుట్టు వేశాం, అంతే. ఈ ప్రసంగంలో మనం తెలుసుకోబోయే పడవ కూడా ఇదే సూత్రం మీద తయారవుతుంది. అక్కడ ఆకుకు బదులు ప్లైవుడ్ ఉంటుంది, ఈనెపుల్లకు బదులు రాగి తీగ ఉంటుంది. ఆ తరువాత రసాయనశాస్త్రం మనకు ఇచ్చిన ఒక బంక ఉంటుంది.

ఇంటి పక్కన కారు నిలిపే గదిలో, వడ్రంగం తన వృత్తి కాని మనిషి, సెలవు రోజుల్లో పనిచేసుకుంటూ మూడు మీటర్ల చెక్క పడవను తయారు చేసుకోవడం బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో అరవై ఏళ్లకు పైగా సాగుతున్న వ్యాపకం. అవసరమైన పలకలన్నీ ముందే కొలత ప్రకారం కోసి, బంక, తీగ, గాజు నార పట్టీ, మరమేకులు, సూచనల పుస్తకం కలిపి ఒక కట్టగా అమ్ముతారు. దీనినే కిట్ అంటారు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. సంప్రదాయ పద్ధతిలో పడవ కట్టడం ఏళ్ల తరబడి గురువు దగ్గర నేర్చుకోవలసిన విద్య. ముందు అడుగు దూలం పరచాలి, దానికి పక్కటెముకల్లా వంపు కర్రలు నిలపాలి, ఆ పైన ఒక్కొక్క పలకను చిత్రిక పట్టి, అవసరమైతే ఆవిరితో మెత్తబరచి, ముందు వేసిన పలక పక్కన సందు లేకుండా అమర్చాలి. ఏ పలకకు ఎంత వంపు కావాలో మేస్త్రి కంటితో పసిగడతాడు. అలాంటప్పుడు ఉలి పట్టడం కూడా సరిగా రాని ఒక గుమస్తా, ఒక ఉపాధ్యాయుడు తన గ్యారేజిలో కట్టిన పడవ నీటిలో ఎలా నిలుస్తోంది? మేస్త్రికి ఉన్న ఆ విద్య ఎటు పోయింది? క్లుప్తంగా చెప్పాలంటే, ఆ విద్యలో ఒక భాగం పలకల అంచుల్లోకి వెళ్లింది. మిగిలిన భాగం ఎక్కడికీ పోలేదు. అది కట్టేవాడే నేర్చుకోవాలి. ఆ రెండో భాగాన్ని తేలికగా తీసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. బల్ల సరిగా చేయకపోతే ఊగుతుంది. పడవ సరిగా చేయకపోతే మనిషి మునుగుతాడు.

పత్రిక పేరు పెట్టుకున్న పడవ

1963 జనవరిలో లండన్‌లో జరిగిన పడవల ప్రదర్శనలో ఒక చిన్న తెరచాప పడవ జనం ముందుకు వచ్చింది. సామాన్యులు ఎక్కువగా చదివే డైలీ మిర్రర్ దినపత్రిక దాన్ని ప్రోత్సహించింది కనుక దానికి మిర్రర్ అని పేరు పెట్టారు. తెరచాపలు ఎర్రటివి, దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. దాని రూపకర్తలు ఇద్దరు. జాక్ హోల్ట్ తెరచాప పడవలు రూపొందించడంలో చెయ్యి తిరిగినవాడు. బారీ బక్‌నెల్ బి.బి.సి. టెలివిజన్‌లో ఇంటి పనులు ఎవరికి వారే ఎలా చేసుకోవచ్చో చూపించి ఇంటింటా పేరు తెచ్చుకున్నవాడు. ఒకరికి నీటి సంగతి తెలుసు, మరొకరికి కొత్తగా పనిముట్టు పట్టినవాడి చెయ్యి ఎక్కడ తడబడుతుందో తెలుసు. ఈ రెండో తెలివి లేకపోతే మొదటిది గ్యారేజి దాకా చేరేది కాదని నా అభిప్రాయం.

కిట్ ధరను 63 పౌండ్ల 11 షిల్లింగులుగా నిర్ణయించారు. అంతవరకు తెరచాప పడవ నడపడం డబ్బున్నవారి వినోదంగా ఉండేది. దాన్ని జీతగాళ్ల ఇంటికి తేవాలన్నదే ఉద్దేశం. ఆ తరువాతి దశాబ్దాల్లో 70,000కు పైగా మిర్రర్ పడవలు తయారయ్యాయి. తరువాతి కాలంలో ఫైబర్‌గ్లాస్‌తోనూ చేశారు గానీ, ఈ పడవకు పేరు తెచ్చింది మాత్రం ఇంట్లో కట్టుకున్న చెక్క పడవలే.

దీని కొలతలు చూడండి. పొడవు సుమారు 3.3 మీటర్లు, వెడల్పు 1.39 మీటర్లు, ఖాళీ పడవ బరువు 45.5 కిలోలు. అంటే ఇద్దరు పట్టుకొని ఎత్తగలరు, కారు పైకప్పు మీద కట్టుకొని పోగలరు. దాని ముక్కు కూడా మొనదేలి ఉండదు, పెట్టె మూతలా ఒక చదును పలకే ఉంటుంది. అందం తెలియక అలా చేయలేదు. మొనదేలిన ముక్కు పెడితే లోపల అంతే చోటు కోసం పడవ మరింత పొడవు కావాలి, పైగా ఆ మొన దగ్గర పలకలను బాగా మెలితిప్పాలి. తెరకొయ్యను కూడా ఒకే పొడవాటి కర్రగా కాక రెండు భాగాలుగా పెట్టారు. విప్పితే అన్నీ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి.

పలకలను తీగతో కుట్టి, కీళ్లను గాజు నారతోనూ బంకతోనూ అతికించే పద్ధతి వీరు కొత్తగా కనిపెట్టినది కాదు. కెన్ లిటిల్‌డైక్ అనే బ్రిటిష్ రూపకర్త తెడ్లతో నడిచే సన్నని కయాక్ పడవలకు అంతకుముందే దాన్ని వాడాడు. మిర్రర్ దాన్ని వేలాది ఇళ్లకు చేర్చింది.

ప్లైవుడ్ పడవల కథ అంతకన్నా పాతది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద పిల్లలు తెరచాప నేర్చుకునే చిన్న పెట్టెలాంటి పడవను మీలో కొందరు చూసే ఉంటారు. దాని పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దాన్ని పిల్లల కోసం, తక్కువ ఖర్చులో ఇంటి దగ్గరే కట్టుకునేలా ప్లైవుడ్‌తో రూపొందించాడు. దాని పొడవు 2.36 మీటర్లు. బజారులో దొరికే ప్లైవుడ్ పలక పొడవు ఎనిమిది అడుగులు, అంటే 2.44 మీటర్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి మీకే అర్థమవుతుంది.

కాగితం చెప్పే జ్యామితి

ఇప్పుడు ప్లైవుడ్ వద్దకు వద్దాం. చెక్కకు నారలు ఒకే దిశలో ఉంటాయి. నార పొడవునా చెక్క చాలా బలమైనది. నారకు అడ్డంగా బలహీనం, కట్టెలు కొట్టేవారికి ఇది బాగా తెలుసు. తేమ తగిలితే చెక్క ఉబ్బేది కూడా ప్రధానంగా అడ్డంగానే. ప్లైవుడ్‌లో పల్చటి చెక్క పొరలను ఒకదాని నార మరొకదానికి అడ్డంగా వచ్చేలా బేసి సంఖ్యలో పేర్చి బంకతో అతికిస్తారు. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర దాన్ని పట్టి ఆపుతుంది. అందువల్ల పలక రెండు దిశల్లోనూ బలంగా, నిలకడగా ఉంటుంది.

నీటి పనికి వాడేది వేరే రకం. మన దేశంలో దానికి ఐ.ఎస్. 710 ప్రమాణం, బ్రిటన్‌లో బి.ఎస్. 1088 ప్రమాణం ఉన్నాయి. మన ప్రమాణం ప్రకారం ముక్కను 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పొరల మధ్య బంకను పరీక్షిస్తారు. బీరువాలకు వాడే మామూలు ప్లైవుడ్ లోపలి పొరల్లో అక్కడక్కడ ఖాళీలు ఉండవచ్చు. పైకి కనిపించవు. ఇంటి బీరువాలో ఆ ఖాళీ వల్ల నష్టం లేదు. పడవలో మాత్రం వంచినప్పుడు పలక అక్కడే విరుగుతుంది, నీరు చేరితే అక్కడే నిలుస్తుంది. కిట్ పడవలకు ఒకౌమే అనే తేలికైన ఆఫ్రికా కలపతో చేసిన పలకలను ఎక్కువగా వాడతారు. దాని సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 500 కిలోలు అనుకుంటే, 6 మిల్లీమీటర్ల మందం గల ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల పలక తొమ్మిది కిలోలే తూగుతుంది. లెక్క మీరే వేసి చూడండి.

ఇంత పల్చటి పలక మనిషి బరువును ఎలా ఆపుతుంది? వంపు వల్లే. ఒక పోస్టుకార్డును చివర పట్టుకొని అడ్డంగా చాపండి, వాలిపోతుంది. దాన్ని పొడవునా కొద్దిగా దోనెలా వంచి పట్టుకోండి, నిటారుగా నిలుస్తుంది. ఒక దిశలో వంగిన కాగితం మరో దిశలో వంగడానికి ఒప్పుకోదు. గణితంలో దీనికి లోతైన కారణం ఉంది. సాగని పలకను గొట్టంలా చుట్టవచ్చు, శంకువులా చుట్టవచ్చు. బంతి ఆకారంలోకి మాత్రం ముడత పడకుండా, చిరగకుండా తేలేము. 19వ శతాబ్దంలో గణిత శాస్త్రవేత్త గౌస్ వక్రతను గురించి నిరూపించిన సిద్ధాంతంలో ఇది ఇమిడి ఉంది. ఫుట్‌బాల్‌ను కాగితంలో చక్కగా చుట్టబోయి విసిగిపోయిన ప్రతివాడూ ఆ సిద్ధాంతాన్ని ప్రయోగపూర్వకంగా సరిచూసినట్లే.

ఇక అసలు ప్రయోగం. ఒకే కొలతతో రెండు అట్టముక్కలు కోయండి. పై అంచు దాదాపు నిటారుగా, కింది అంచు మధ్యలో బొద్దుగా, రెండు కొసల దగ్గర పైకి లేచి ఉండాలి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, కింది అంచుల వెంట కొంచెం కొంచెంగా అంటుకునే టేపుతో కలపండి. కొసలు కూడా కలపండి. ఇప్పుడు పై అంచులను మధ్యలో విడదీస్తూ వేలితో తెరవండి. చదునుగా ఉన్న అట్టలు మీ చేతిలోనే పడవగా విచ్చుకుంటాయి. మీరు వంపులు కొలవలేదు, అచ్చు వాడలేదు. కింది అంచుకు మీరు ఇచ్చిన గీత ఎంత బొద్దుగా ఉందో దాన్నిబట్టే పడవ అడుగు రూపు దిద్దుకుంది. మరో జత కోసి, ఈసారి గీతను ఇంకాస్త బొద్దుగా చేసి చూడండి. వేరే పడవ వస్తుంది.

మేస్త్రి విద్య అంచుల్లోకి వెళ్లిందని ముందు చెప్పింది ఇదే. రూపకర్త ముందుగా పడవ ఆకారాన్ని నిర్ణయించి, దాన్ని లెక్క ప్రకారం చదునుగా విప్పి, ప్రతి పలక అంచు గీతను రాబడతాడు. ఈ రోజుల్లో ఆ గీతను కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే కోత యంత్రం మిల్లీమీటరు కన్నా తక్కువ తేడాతో కోస్తుంది. కట్టేవాడు అంచుకు అంచు కలిపితే చాలు, పలక మరో ఆకారం తీసుకోలేదు.

పడవ పొడవు పలక పొడవును మించినప్పుడు రెండు ముక్కలను అతకాలి. కొసకు కొస ఆనించి అతికితే బంకకు పట్టు తక్కువ. అందుకని రెండు కొసలనూ ఏటవాలుగా చిత్రిక పట్టి ఒకదాని మీద ఒకటి వేసి అతుకుతారు. మందానికి ఎనిమిది రెట్లు వాలు ఉండాలన్నది వాడుక. 6 మిల్లీమీటర్ల పలకకు 48 మిల్లీమీటర్లు.

కుట్టు

పలకల అంచుల వెంట కొన్ని అంగుళాలకొకటి చొప్పున సన్నని రంధ్రాలు వేస్తారు. పక్కపక్క పలకల రంధ్రాల గుండా రాగి తీగ ముక్కను దూర్చి, బయటి వైపు పట్టకారుతో మెలిపెడతారు. మొదట వదులుగా, అన్నీ పడ్డాక కొద్దికొద్దిగా బిగిస్తూ పోవాలి. ఉదయం నేల మీద చాపల్లా పరిచి ఉన్న పలకలు సాయంత్రానికి పడవలా నిలబడతాయి. కిట్ కొన్నవారిని అన్నిటికన్నా సంతోషపెట్టే రోజు ఇదే. వారిని తప్పుదోవ పట్టించేదీ ఈ రోజే. పని సగం అయిపోయినట్లు కనిపిస్తుంది, నిజానికి పదో వంతు కూడా కాదు.

తీగలు బిగిసినా పడవ ఇంకా వదులుగానే ఉంటుంది. ఒక మూల ఎత్తితే మొత్తం మెలి తిరుగుతుంది. ఆ స్థితిలో బంక పెడితే ఆ మెలి శాశ్వతమై, పడవ ఎప్పుడూ ఒక పక్కకు లాగుతుంది. అందుకే ఇక్కడ ఒక రోజు ఆగి కొలవాలి. ముక్కు నుంచి వెనుక పలక దాకా మధ్యగా దారం లాగి కట్టాలి. మూల నుంచి మూలకు రెండు కర్ణాలు కొలవాలి, అవి సమానంగా రావాలి. ముందు ఒకటి, వెనుక ఒకటి రెండు నిటారు బద్దలను అడ్డంగా పెట్టి వెనుక నుంచి ఒంటి కన్నుతో చూడాలి. రెండు బద్దలూ సమాంతరంగా కనిపించకపోతే మెలి ఉన్నట్లే. రసమట్టం ఉంటే మరీ మంచిది. యంత్రం ఎంత కచ్చితంగా కోసినా ఈ పనిని కిట్‌లో పెట్టి పంపలేదు.

పడవను కుట్టడమంటే మన తీరప్రాంతం వారికి ఆశ్చర్యం కలగకూడదు. ఆంధ్ర తీరంతో సహా కోరమాండల్ తీరమంతటా మసులా పడవలని పిలిచిన కుట్టు పడవలు ఉండేవి. ఆ పేరుకు మచిలీపట్నంతో సంబంధం ఉందని కొందరంటారు. వీటిలో పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఇనుప మేకులు లేవు, లోపల పక్కటెముకల కర్రలు లేవు. రేవు కట్టకముందు మద్రాసులో సముద్రంలో లంగరు వేసిన ఓడల నుంచి మనుషులను, సరుకులను అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది ఇవే. మేకులతో బిగించిన గట్టి పడవ ఇసుక మీద అల కొట్టిన దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ ఆ దెబ్బకు కొంచెం వంగి, మళ్లీ సర్దుకుంటుంది. 2025 మే నెలలో కార్వార్‌లో భారత నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్.వి. కౌండిన్య కూడా కుట్టిన ఓడే. అజంతా చిత్రంలోని 5వ శతాబ్దపు ఓడను ఆధారం చేసుకొని దాన్ని నిర్మించారు.

అయితే రెండు కుట్టుల మధ్య తేడాను గమనించండి. మసులా పడవలో కుట్టే బలం, అది పడవ జీవితకాలమంతా ఉంటుంది. కిట్ పడవలో కుట్టు తాత్కాలికం, బంక గట్టిపడేదాకా పలకలను పట్టి ఉంచే వేళ్ల లాంటిది. ఆ తరువాత చాలామంది తీగలను లాగేస్తారు. బలమంతా బంకదే. ఒకటి వంగి తప్పించుకునే పడవ, మరొకటి వంగకుండా ఎదురు నిలిచే పడవ.

బంక వెనుక రసాయనశాస్త్రం

తొలి మిర్రర్ కిట్లలో పాలిఎస్టర్ రెజిన్ వాడేవారు. నేడు ఎక్కువగా వాడేది ఎపాక్సీ. ఈ రెండింటినీ ఒకే తీరుగా వాడబోయేవారు ఉన్నారు కనుక తేడా స్పష్టంగా చెప్పుకుందాం. పాలిఎస్టర్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లు పెరాక్సైడ్ కలుపుతారు. అది చర్యను మొదలుపెట్టే నిప్పురవ్వ లాంటిది. కాస్త హెచ్చితే బంక త్వరగా గట్టిపడుతుంది, తగ్గితే ఆలస్యమవుతుంది. ఎపాక్సీలో రెండో సీసాలో ఉన్నది నిప్పురవ్వ కాదు, చర్యలో సమానంగా పాల్గొనే భాగస్వామి. రెజిన్ అణువు కొసల్లో మూడు పరమాణువుల చిన్న వలయాలు ఉంటాయి. గట్టిపరచే ద్రవంలోని అమైన్ అణువులు ఆ వలయాలను విప్పి వాటితో బంధం కలుపుకుంటాయి. అలా కలుస్తూ కలుస్తూ మొత్తం ఒక పెద్ద వలలా అల్లుకుంటుంది. ఒక్కో కొసకు ఒక్కో జోడీ కావాలి. త్వరగా గట్టిపడుతుందని రెండో సీసా నుంచి నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తే జోడీ దొరకని అణువులు మిగిలిపోతాయి. అల్లిక వదులవుతుంది, బంక ఎన్నాళ్లయినా మెత్తగానే ఉంటుంది. కనుక తయారీదారు చెప్పిన పాళ్లను తూచి కలపాలి, కంటి అంచనా పనికిరాదు.

ఈ చర్య ఉష్ణమోచక చర్య, అంటే వేడిని విడుదల చేస్తుంది. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. సుమారుగా పది డిగ్రీల సెల్సియస్‌కు వేగం రెట్టింపు అని గుర్తు పెట్టుకోండి. లోతైన కప్పులో పావు కిలో బంక కలిపి పక్కన పెడితే లోపలి వేడి బయటికి పోలేదు. వేడి చర్యను, చర్య వేడిని పెంచుకుంటూ పోయి కప్పు పొగలు కక్కవచ్చు. అదే బంకను వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోస్తే వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలుస్తుంది, పని చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. వాతావరణానికీ ఇదే లెక్క. 25 డిగ్రీల దగ్గర అరగంట ఆగే బంక మే నెల విజయవాడలో 40 డిగ్రీల నీడలో పది నిమిషాలకే చేతిలో గడ్డకడుతుంది. జనవరి నెల ఇంగ్లండు గ్యారేజిలో దీపాలతో గదిని వెచ్చబరచకపోతే రెండు రోజులైనా సరిగా గట్టిపడదు. సూచనల పుస్తకాన్ని చల్లని దేశంలో రాశారని మన ఊళ్లో పని చేసేవారు మరచిపోకూడదు.

గట్టిపడని ఎపాక్సీ చర్మానికి మంచిది కాదు. మొదట ఏమీ అనిపించదు. కొందరికి పదే పదే తగిలితే శరీరం దానికి శత్రువులా స్పందించడం నేర్చుకుంటుంది. ఒకసారి ఆ అలర్జీ వచ్చిందంటే సాధారణంగా తిరిగిపోదు, ఆ తరువాత కొద్దిగా తగిలినా దద్దుర్లు లేస్తాయి. నైట్రైల్ చేతి తొడుగులు తప్పనిసరి. చేతికి అంటితే సబ్బుతో కడగాలి. థిన్నరుతో తుడిస్తే బంక పల్చబడి చర్మంలోకి మరింత ఇంకుతుంది. ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా మంచి మాస్కు కట్టుకోవాలి, జేబురుమాలు చాలదు.

కలిపిన బంకలో మెత్తటి చెక్కపొడి కలిపి, వేరుశెనగ పచ్చడిలా చిక్కగా చేసి, లోపలి వైపు రెండు పలకలు కలిసే మూలలో గుండ్రటి వంపుగా మెత్తుతారు. మేడ మీద శ్లాబూ పిట్టగోడా కలిసే మూలలో తాపీమేస్త్రి సిమెంటును గుండ్రంగా మెత్తడం చూశారు కదా, అలాగే. పదునైన మూలలో బలం ఒకేచోట గుమిగూడుతుంది, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. మూలను గుండ్రం చేస్తే ఆ బలం విశాలంగా పరచుకుంటుంది. బంకకు అంటుకునే చోటు కూడా పెరుగుతుంది. దాని పైన గాజు నార పట్టీ పరచి మళ్లీ బంకతో తడుపుతారు. గాజు నార లాగుడును తట్టుకుంటుంది, బంక నారలను కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇనుప కడ్డీలూ కాంక్రీటూ కలిసి పనిచేసే తీరును గుర్తు తెచ్చుకోండి. బయటి వైపు అంచులను కూడా గుండ్రంగా అరగదీసి పట్టీ వేస్తారు, ఎందుకంటే గాజు నార పదునైన అంచు మీద చుట్టుకోదు.

ఆ తరువాత వచ్చేది రుద్దుడు. ఇందులో చెప్పవలసిన సైన్సు తక్కువ, చేయవలసిన పని ఎక్కువ. ఎపాక్సీ సూర్యుని అతినీలలోహిత కిరణాలకు పాడవుతుంది కాబట్టి పైన పెయింటు గానీ, ఆ కిరణాలను అడ్డుకునే వార్నీషు గానీ తప్పదు.

నీటి లెక్కలు

ఆర్కిమెడిస్ సూత్రం మీకు తెలిసిందే. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువు గల నీటిని తొలగిస్తుంది. తెరచాప, తెరకొయ్య, చుక్కాని అన్నీ కలిపి పడవ 70 కిలోలు, అందులో ఇద్దరు మనుషులు 130 కిలోలు అనుకుందాం. మొత్తం 200 కిలోలు. చెరువులో అది 200 లీటర్ల నీటిని తొలగించాలి. సముద్రపు నీటి సాంద్రత కొంచెం ఎక్కువ కనుక అక్కడ సుమారు 195 లీటర్లు చాలు. నీటి మట్టం దగ్గర పడవ వైశాల్యం రెండున్నర చదరపు మీటర్లు అనుకుంటే, అదనంగా వేసే ప్రతి కిలోకు పడవ 0.4 మిల్లీమీటర్లు దిగుతుంది. 65 కిలోల మనిషి ఎక్కితే 26 మిల్లీమీటర్లు. చిన్నదిగా కనిపించే ఈ అంకె ముఖ్యమైనది. ముగ్గురు ఎక్కవలసిన చోట ఆరుగురు ఎక్కితే నీటికీ పడవ అంచుకూ మధ్య ఎంత మిగులుతుందో దీనితో ఎవరైనా లెక్క వేయవచ్చు.

మరి పడవ బోర్లాపడి నీటితో నిండితే? చెక్క తేలుతుంది కనుక భయం లేదని కొందరు అనుకుంటారు. లెక్క చూద్దాం. 40 కిలోల చెక్క, సాంద్రత నీటిలో సగం. పూర్తిగా మునిగితే 80 లీటర్ల నీటిని తొలగిస్తుంది. తన బరువు 40 కిలోలు పోను మిగిలే తేలే శక్తి 40 కిలోలే. ఇద్దరు అందులో కూర్చొని నీటిని తోడిపోసుకోవడానికి అది చాలదు. అందుకే మిర్రర్‌లోనూ, ఇలాంటి మంచి పడవలన్నిటిలోనూ అంచుల వెంట మూసిన గాలి గదులను పడవ నిర్మాణంలో భాగంగానే కడతారు. ఇవన్నీ కలిపి 200 లీటర్లు ఉన్నాయనుకుంటే మరో 200 కిలోలు మోసే శక్తి వచ్చినట్లే. వాటిని ఒకే పొడవాటి గదిగా కాక వేర్వేరుగా కట్టడంలోనే మెలకువ ఉంది. ఒకదానికి చిల్లు పడినా మిగిలినవి పడవను ఆపుతాయి. ఈ గదుల పైన కూర్చునే బల్లలు వస్తాయి కనుక చూసేవారికి అవి వట్టి ఆసనాలే. ఎంత గాలి గదులున్నా నీటిలోకి దిగే ప్రతివారూ లైఫ్ జాకెట్ వేసుకోవలసిందే.

పడవ కుళ్లేది చాలావరకు పై నుంచే, కింది నుంచి కాదు. చెక్కను తినే శిలీంద్రాలకు తేమ కావాలి. చెక్కలో తేమ నూటికి ఇరవై పాళ్ల లోపు ఉంటే అవి పెరగలేవు. ఉప్పునీరు వాటికి అంతగా సరిపడదు, వాననీరు హాయిగా సరిపడుతుంది. ఒడ్డున వెల్లకిలా పడి ఉన్న పడవలో వాననీరు మూలల్లో నిలిచి, రంగు పెచ్చులూడిన చోటు నుంచి పలక కోసిన అంచులోకి ఇంకుతుంది. నారల కొసలు అక్కడ తెరుచుకొని ఉంటాయి, గొట్టాల్లా నీటిని లాగుతాయి. కాబట్టి గాలి గదులు మూయకముందే వాటి లోపలి వైపుకు కూడా రెండు మూడు పూతలు బంక వేయాలి. మూసిన తరువాత లోపలికి చెయ్యి పోదు. బయటికి కనిపించే వైపును అద్దంలా మెరిపించి, లోపల వట్టి చెక్క వదిలేసిన పడవలు ఎక్కువకాలం నిలవవు.

గ్యారేజి గురించి రెండు మాటలు. పడవ చుట్టూ మనిషి వంగి పనిచేయడానికి కనీసం రెండడుగుల చోటు కావాలి, మధ్యలో రెండు మూడు సార్లు పడవను తిరగేయాలి. గాలి ఆడాలి. పనికి దిగే ముందు తలుపు వెడల్పు కొలవాలి. గదిలో కట్టిన పడవ బయటికి రాక గోడ పగలగొట్టిన కథలు హాస్యానికి చెప్పుకుంటారు గానీ, ఆ కొలత తీసుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

చివరగా గాలి గదుల పరీక్ష. గది మూతకు ఒక సన్నని గొట్టం అమర్చి, నోటితో మెల్లగా గాలి ఊది, కీళ్ల మీద సబ్బు నురగ పూస్తే కారే చోట బుడగలు లేస్తాయి. సైకిలు పంపు వాడకూడదు. ఎందుకో లెక్క చెబుతుంది. గది పైపలక వైశాల్యం అర చదరపు మీటరు, లోపల పీడనం బయటికన్నా నూటికి ఐదు పాళ్లు మాత్రమే ఎక్కువ అనుకోండి. ఆ పలక మీద పైకి పడే బలం సుమారు 2,500 న్యూటన్లు. అంటే పావు టన్ను బరువును పలక కిందినుంచి మోపినట్లు. ఇదే పీడనం ఎండకు దానంతట అదే పుడుతుంది. 25 డిగ్రీల దగ్గర మూసిన గది ఎండలో 40 డిగ్రీలకు చేరితే లోపలి పీడనం సరిగ్గా ఆ మేరకే పెరుగుతుంది. అప్పుడు కీళ్లు విడవవచ్చు. తిరగేసి చూడండి: ఎండలో 40 డిగ్రీల దగ్గర మూత బిగించి, వెంటనే చల్లటి నీటిలోకి దింపితే లోపలి గాలి 25 డిగ్రీలకు చల్లబడి పీడనం సుమారు అర మీటరు నీటిమట్టమంత పడిపోతుంది. అప్పుడు సూదిమొనంత రంధ్రం ఎక్కడున్నా అది నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే ఒడ్డున ఉన్నంతసేపూ గాలి గదుల మూతలు తెరిచి ఉంచుతారు. పడవను నీడలోకి లాగి, చల్లబడనిచ్చి, నీటిలోకి దింపబోయే ముందు వాటిని బిగిస్తారు.